వడ్ల కుప్ప కాడ గంటసేపు

ఆ ఏడు యాసంగి వరి కోతకొచ్చేనాటికి నేను సెలవులో ఉన్నాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. హైదరాబాద్‌లో పెద్ద జీతం, నా కింద పనిచేసే ఇరవై మంది, గాజు గది. ఒకరోజు పొద్దున ఆఫీసు కింద కారు ఆపి, దిగడానికి కాళ్లు రాక, స్టీరింగ్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నెల రోజులు కంప్యూటర్ ముట్టొద్దన్నాడు డాక్టర్. సొంతూరు కొడకండ్లకు వచ్చి, మావాళ్లకు మాత్రం ఇంటి నుంచే పని చేసుకుంటున్నానని చెప్పాను. ఎండలో నాటేసి అలిసిపోతే అలసట గానీ, ఏసీలో కూర్చుని అలిసిపోయానంటే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఇంట్లో ఉంటే అబద్ధం బయటపడుతుందేమోనని చిట్యాలలో మా అక్క దగ్గరికి పోయాను. ఆమె వడ్లు అప్పటికే కొనుగోలు సెంటర్‌కు చేరాయి. సెంటర్ అంటే ఊరి బయట ఖాళీ జాగా. ఎవరి కుప్ప వాళ్లు పోసుకుని, తేమ పోయేదాకా ఆరబెట్టుకుని, తమ వంతు వచ్చి కాంటా మీద తూకం అయ్యేదాకా కావలి ఉండాలి. బావ మిగతా పొలం కోతలో ఉన్నాడు. అక్క నాలుగు రోజులుగా కుప్ప పక్కనే తింటూ, కుప్ప పక్కనే కునుకు తీస్తోంది.

నేను కారు దిగగానే ఎదురొచ్చింది. “మంచిగచ్చినవ్ తమ్మీ. నాలుగొద్దులాయె తానం లేక, ఒళ్లంత దుమ్ము. జర గంటసేపు చూస్తవా? ఇంటికి వోయి తలకు వోసుకొని, కొంచెం నడుము వాలుస్త.”

“పో అక్కా, నేనున్న గదా,” అన్నాను.

“మానుకోట దిక్కు వాన కొడుతుందట, మా మరిది ఫోన్ జేసిండు. మబ్బు వట్టంగనే పరదాలు కప్పు. అంచుల మీద రాళ్లు వెట్టుడు మర్వకు.” టార్పాలిన్ పరదాలు, రాళ్లు ఎక్కడున్నాయో చూపించి వెళ్లింది. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

అంత సులువైన పని నాకు ఎన్నేళ్లుగానో ఎవరూ అప్పజెప్పలేదు. ఆకాశం చూస్తూ కూర్చోవడం, అంతే. పావుగంట కూర్చున్నాను. ఆ తర్వాత చేతులకు దురద పుట్టింది. కారులోకి పోయి అద్దాలు ఎక్కించి, ఏసీ వేసి, ల్యాప్‌టాప్ తెరిచాను.

నన్నెవరూ పిలవలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం ఇదే. మా టీమ్ మీటింగ్ ఆ వేళకే ఉంటుందని తెలుసు. నేను లేక వాళ్లెంత పరేషాన్ అవుతున్నారో వినాలనిపించింది. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, చప్పుడు చేయకుండా చేరాను. ఎవరూ పరేషాన్ కావడం లేదు. పని నడుస్తోంది. మధ్యలో ఎవరో జోకు వేస్తే అందరూ నవ్వారు కూడా. ఎవరైనా ఒక్కసారి నా పేరు తలుస్తారేమోనని వింటూ ఉండిపోయాను.

అద్దం మీద ఎవరో కొట్టారు. పక్క కుప్ప అవ్వ. డెబ్బై దాటిన మనిషి. నోరు కదులుతోంది, చెయ్యి పైకి చూపిస్తోంది. నేను ఆమె మొహం కూడా సరిగ్గా చూడకుండా ఒక వేలు ఎత్తాను. ఒక్క నిమిషం! మా ఇంట్లో ఆ వేలు నా బిడ్డకు బాగా తెలుసు. గది తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయేది.

కారు పైకప్పు మీద వాన దబదబా కొట్టినప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. దిగి చూస్తే అవ్వ ఒక్కతే పరదాను సగం కుప్ప మీదికి లాగి, అంచును కాళ్ల కింద తొక్కిపట్టి నిలబడింది. తన కుప్ప ముందే కప్పుకుని, మా దగ్గరికి వచ్చింది. నేను రెండో పరదా విప్పాను. గాలికి అది నా మొహానికే చుట్టుకుంది. మిగతా సగం వడ్లు నీళ్లతో పాటు కాలువలోకి పోతుంటే చేతులతో అడ్డం పెట్టాను. చేతులకు ఆగుతాయా?

అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టుకు తువ్వాల చుట్టుకునే ఉంది. బురదలో కూర్చుని వడ్లు ఎత్తడం మొదలుపెట్టింది. కాసేపటికి అడిగింది. “ఏమైంది తమ్మీ, ఆఫీసు పని వడెనా?”

“అర్జెంట్ మీటింగ్ అక్కా. ఇడిసిపెట్ట రాలే.”

అవ్వ నా దిక్కు ఒక్కసారి చూసింది. కారు అద్దం సంగతి చెప్పేస్తుందనుకున్నాను. “వాన గంత జల్ది అచ్చె బిడ్డా, పిలగాడేం జేస్తడు,” అంది. నేను తల దించుకున్నాను. ఆ సాయంత్రం కుప్పల దగ్గర ఎవరు అడిగినా అక్క ఒకటే మాట చెప్పింది. “మా తమ్ముంది పెద్ద నౌకరి. ఆయన లేకుంటె ఆడ నడువదు.” గర్వంగా చెప్పింది. అదే నన్ను ఎక్కువ చంపింది.

మూడు రోజులు ఇద్దరం తడిసిన వడ్లను కాళ్లతో తిరగదోశాం. అడుగున కొన్ని మొలకెత్తాయి కూడా. మూడో రోజు ఇక మోయలేక నిజం చెప్పేశాను. సెలవులో ఉన్నాననీ, ఏడ్చాననీ, ఆ మీటింగ్‌కు నన్నెవరూ పిలవలేదనీ.

అక్క కాళ్లు ఆగాయి. “మరి అండ్ల నువ్వేం మాట్లాడినవ్?”

“ఏం మాట్లాడలే అక్కా. ఊకె ఇన్న.”

అక్క మళ్లీ వడ్లలో నడుస్తూ అంది. “మంచిగ నిద్రవట్టింది తమ్మీ ఆ పొద్దు. నువ్వున్నవని.”

తిడితే బాగుండేది. తిట్టలేదు. నా ఆరోగ్యం గురించి అడిగింది, రోజూ పెరుగన్నం పెట్టింది, వెళ్లేటప్పుడు కారు దాకా తోడొచ్చింది.

తరువాతి పంటకు సెలవు పెట్టి మరీ వెళ్లాను. ల్యాప్‌టాప్ తీసుకుపోలేదు. కుప్ప పక్కన ఇద్దరం కూర్చుని చాయ్ తాగాం, నవ్వుకున్నాం. కాసేపటికి అక్క తువ్వాల భుజాన వేసుకుని లేచింది. పక్క కుప్ప దిక్కు తిరిగి పిలిచింది. “అవ్వా, జర మా వడ్లు చూస్తుండు. తానం జేసొస్త.”

నేను అక్కడే కూర్చుని ఉన్నాను.