బొటనవేలి చక్రం

ఇంకొంచెం దగ్గరకు జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. ఇది నా బొటనవేలి సంగతి.

చిన్నప్పుడు మా గురజాల వైపు పిల్లలం వేళ్ళ కొనలు చూసుకునేవాళ్ళం. గీతలు గుండ్రంగా సుడి తిరిగితే చక్రం, పక్కకు వంగి జారిపోతే శంఖం. చక్రాలున్నవాళ్ళది అదృష్టం. నాకు ఒక్కటీ లేదని తేల్చేశారు.

"పదీ శంఖాలే! నువ్వు అడుక్కుతింటావే," అంది పక్కింటి పిల్ల.

తల్లి లేని పిల్లను, ఆ మాట గుచ్చుకుంది. ఏడుస్తూ నాయనమ్మ దగ్గరకు పోయాను. మిరపకాయలకు తొడిమలు తీస్తున్నదల్లా చెయ్యి కొంగుకు తుడుచుకుని, నా కుడి బొటనవేలిని ఎండలోకి తిప్పింది.

"ఎవతే లేదంది? ఇదేంది మరి? పక్కకు ఒదిగి ఉంది, అంతే. అచ్చం నా వేలికున్నట్టే ఉంది. నాది నీకొచ్చింది."

పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, కష్టం వస్తే ఆ వేలిని గుప్పిట్లో దాచుకోవడం నాకు అలవాటయింది. నాయనమ్మకు ఫొటో కూడా లేదు. ఆమెది నాకు మిగిలింది ఆ చక్రమే.

మొన్న మిరప కోతలప్పుడు, నరసరావుపేటలో చదివే మా ఎదురింటి పిల్ల స్టాంపు ప్యాడ్ పట్టుకుని వచ్చింది. మన పక్క పెద్దవాళ్ళ వేళ్ళకు ఏ రకం గీతలు ఎక్కువో కాలేజీకి రాసివ్వాలట.

"బొటనవేలు జాగర్తే, దాంట్లో చక్రముంది," అన్నాను.

కాగితం మీద ఉత్త నల్లమచ్చ పడింది.

"అమ్మమ్మా, గీతల్లేవు! తొడిమలు తీసీ తీసీ అరిగిపోయినయ్యి. రెండు వారాలు మిరపకాయ ముట్టుకోకుండా నూనె రాయి, మళ్ళీ వస్తయ్యి."

చక్రం ఉందో పోయిందో తెలియక నాకు అన్నం సహించలేదు. పని మానేశాను. తోటి ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏం వదినా, వేలికి సీమంతం చేస్తున్నావా?"

రెండు వారాలకు ఆ పిల్ల మళ్ళీ ముద్ర వేయించి భూతద్దం పెట్టింది.

"వచ్చినయ్యి! లూప్ అమ్మమ్మా, శంఖం. నేను చూసినోళ్ళల్లో చానామందికి ఇవే."

"సరిగ్గా చూడవే. పక్కకు ఒదిగి ఉంటది."

అద్దం నా చేతికే ఇచ్చింది. గీతలన్నీ ఒక పక్క నుంచి వచ్చి, వంగి, వచ్చిన దారినే పోయాయి. చక్రం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, జడ వేస్తూ నా చెంపకు తగిలే నాయనమ్మ వేలు. ఏళ్ళ తరబడి తొడిమలు తీసిన వేలు, ఏటి గులకరాయిలా నున్నగా ఉండేది. గీతే లేని వేలిలో ఆమె ఏ చక్రం చూసింది?

"ఏడుస్తున్నావా అమ్మమ్మా?"

"మిరప ఘాటే."

"రెండు వారాల్నుంచి ముట్టుకోలేదుగా!"

"నీ పని నువ్వు చూసుకోవే. శంఖమనే రాసుకో."

తెల్లారి మళ్ళీ మిరపకాయల దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు గీతలు మళ్ళీ అరిగిపోయాయి. ఈ వేలు అచ్చం నాయనమ్మ వేలే.

మీ ఇంట్లో ఏ బిడ్డ ఏడుస్తూ వచ్చినా, చెయ్యి పట్టుకుని ఎండలోకి తిప్పి చూసే పెద్దమనిషి ఉండాలి. మీ గడప పచ్చగా ఉండాలి.