కంపెనోళ్లు లీవియ్యలే

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే భయాలుండేవి. ఒకటి బల్లి, రెండోది తనిఖీ. బల్లి గోడ మీద కనబడుతుంది కాబట్టి పక్కకు జరిగి బతకొచ్చు. తనిఖీ అలా కాదు, వస్తుందంటారు, రాదు, రాదనుకుని జడ వదులుగా వేసుకుని పోయిన రోజే గేటు ముందు జీపు ఆగుతుంది. ఇరవై రెండేళ్ళ వయసులో నేను కొండగట్టు దగ్గర ఒక ఊరి బడిలో విద్యా వలంటీరుగా సోషల్ చెప్పేదాన్ని. రోజూ కరీంనగర్ నుంచి పల్లెవెలుగు బస్సులో పోయి రావడం. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే పోయినట్టు. పోతే మాత్రం మేనమామ జిరాక్సు షాపులో కూర్చోవాలని ఇంట్లో ముందే తేల్చి పెట్టారు. మా బాపు అప్పటికే వాడకట్టంతా తిరిగి "మా బిడ్డ టీచరమ్మ" అని చెప్పుకుని ఉన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఆయన ముఖం ఎలా ఉంటుందో తలచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

మా హెడ్మాస్టరును పిల్లలు చాటుగా "నోఫికర్ సారు" అనేవారు. ధైర్యం చెప్పడంలో ఆయన పద్ధతే వేరు. "పెద్ద సారు సోమవారం తనిఖీకి వస్తుండు బిడ్డా, నీ క్లాసే చూస్తడట. ఏం ఫికర్ చెయ్యకు. పోయినేడు పక్కూర్ల ఒక్క తప్పుకే టీచరును ఇంటికి తోలిండు. నువ్వైతే ఫికర్ చెయ్యకు" అన్నారు. (అంతవరకు నాకు ఏ ఫికరూ లేదు, ఒట్టు.) ఆ పెద్ద సారుకు జిల్లా అంతా ఎర్రపెన్ను సారు అని పేరు. సొంత కూతురి పెళ్ళిపత్రికలోనే రెండు తప్పులు కనబడితే, ప్రతి కార్డు మీదా ఎర్రపెన్నుతో దిద్ది మరీ పంచాడని చెప్పుకునేవారు.

నా వంతుకొచ్చిన పాఠం ఏడో తరగతికి ఆంగ్లేయుల తొలి వర్తక స్థావరాలు. మచిలీపట్నంలో కంపెనీవాళ్ళు ఎలా ఇల్లు కట్టుకున్నారు, ఎలా బతికారు అన్నది. నేను గొంతు సవరించుకుని "కంపెనీ మనుషులు సముద్రం దాటి ఇక్కడికి వచ్చారు" అన్నానో లేదో, మొదటి బెంచీలోంచి ఒక చేయి లేచింది. ఆ పిల్లకు నేను పెట్టుకున్న పేరు ప్రశ్నల పోశవ్వ. "ఏ కంపెనీ టీచర్? మంచి కంపెనేనా?" అంది. వెనక నుంచి ఇంకొకడు "కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా టీచర్?" అన్నాడు. (ఆజాద్ వీసా అంటే ఒక కంపెనీకి కట్టుబడకుండా ఎక్కడైనా పని వెతుక్కునేదట.) మూడోవాడికి ఓవర్‌టైం సంగతి కావాలి. ఆ ఊళ్ళో సగం ఇళ్ళ తండ్రులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు. కంపెనీ అంటే ఆ పిల్లలకు ఒకటే అర్థం. అది కాదర్రా, ఇది వేరే కంపెనీ, వాళ్ళంతా ఒకే ఆవరణలో ఉండేవారు, కలిసి తినేవారు, పొద్దుగూకగానే గేటు మూసేవారు, ఇంటికి ఉత్తరం చేరాలంటే నెలలు పట్టేది అని నేను ఎంత విడమరిచి చెబితే వాళ్ళు అంత గట్టిగా తలలూపారు. "ఎరుకే టీచర్, క్యాంపు. మా బాపోళ్లు ఉండేది గండ్లనే" అన్నారు.

పాఠం దారిలో పెట్టడానికి నాకొక ఉపాయం తోచింది. ఆ స్థావరంలో ఉన్న ఇంగ్లీషువాడు ఇంటికి రాసినట్టు ఒక్కొక్కరు ఒక ఉత్తరం రాయమన్నాను. శనివారం చూసి, తప్పులు దిద్ది, అందులో మంచివి మూడు ఏరి, సోమవారం పెద్ద సారు ముందు చదివిద్దామని నా ఎత్తు. తీరా శనివారం పొద్దున ప్రార్థన ఇంకా అయిపోలేదు, గేటు ముందు జీపు ఆగింది. నోఫికర్ సారు పరుగున వచ్చి "ఇయ్యాల్నే వచ్చిండు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని, తన చొక్కా గుండీలు పైదానికి కిందిది పెట్టుకున్నారు.

ఎర్రపెన్ను సారు వెనక బెంచీలో కూర్చున్నాడు. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగింది. నేను స్థావరానికి థ వత్తు మరిచి "స్తావరం" అని రాశాను. వెనక టక్కున పెన్ను మూత తీసిన చప్పుడు, కాగితం మీద గీత గీసిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడ్డాయి. కొండగట్టు అంజన్నకు మనసులోనే ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఇంతలో ఆయన "పిల్లలేం రాసిన్రో చదివియ్యమ్మా" అన్నాడు. నేను నెమ్మదస్తులెవరా అని వెతికే లోపలే ప్రశ్నల పోశవ్వ లేచి నోట్‌బుక్కు తెరిచింది.

"అవ్వా, బాపూ, నేను మచిలీపట్నంల మంచిగున్న. మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఈడ ఎండ మస్తు కొడుతుంది. రూముల ఎనిమిది మందిమున్నం. వంట వంతులేసుకున్నం, నా వంతు ఐతారం. దసరాకు వద్దామనుకున్న గని కంపెనోళ్లు లీవియ్యలే. బిడ్డను మంచిగ సదివియ్యుండ్రి. నేను పైలంగ ఇంటికి రావాల్నని కొండగట్టు అంజన్నకు మొక్కుండ్రి. ఇట్లు మీ కొడుకు జార్జి."

నాకు కళ్ళముందు జిరాక్సు మిషను కనబడింది. ఎర్రపెన్ను సారు లేచి వచ్చాడు. "ఇంగ్లీషోడు కొండగట్టుకు మొక్కుమంటడా అమ్మా?" అని అడిగాడు. "గంత దూరం పోయినంక ఎవలకన్న మొక్కుతరు సార్" అంది పిల్ల, ఏమాత్రం జంకకుండా. "మనల్ని దోసుకున్నోళ్లు గదా, వాళ్ల మీద నీకేంది గంత ప్రేమ, గంత పావురం?" అన్నాడాయన. "దోసుకున్నది కంపెనీ సార్. గీ జార్జి పనికి వచ్చినోడు." (జార్జిలూ తక్కువ తినలేదు, చాటుగా సొంత వ్యాపారాలు చేసుకున్నారని చెప్పాల్సింది నేనే. నేను మాత్రం డస్టరు వెతుక్కుంటున్నాను.) అప్పుడా పిల్ల ఆయన్ను వదిలి నా వైపు తిరిగింది. "టీచర్, గాళ్లు మల్ల ఇంటికి పోయిండ్రా?"

జవాబు నాకు తెలుసు. ముందు రోజే చదివాను. జ్వరాలతో, రక్తవిరేచనాలతో చాలామంది ఇక్కడే పోయారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అది ఎర్రపెన్ను సారుకూ తెలుసు, ఆయన కూడా సోషల్ చెప్పినవాడే. ఒక్క తప్పుకే ఇంటికి పంపుతాడన్నదీ నాకు గుర్తుంది. కానీ ఆ పిల్ల తండ్రి మస్కట్ పోయి నాలుగేళ్ళయిందనీ, కాగితాలేవో కంపెనీ దగ్గర చిక్కుకుని రాలేకపోతున్నాడనీ కూడా గుర్తుంది. పిల్లలంతా నా నోటివైపే చూస్తున్నారు. "పోయిండ్రు" అన్నాను. పుస్తకాల భాష ఎటుపోయిందో, మా ఇంటి మాటే వచ్చింది. "అందరు పోయిండ్రు బిడ్డా."

ఎర్రపెన్ను మూత టక్కుమంది. ఆయన నన్ను చూశాడు, పిల్లను చూశాడు. మూత మళ్ళీ పెట్టేసి, పెన్ను జేబులో వేసుకుని బయటికి నడిచాడు. రిజిస్టరులో "అక్షర దోషములు గలవు. కొనసాగించవచ్చును" అని రాశాడు. జీపెక్కబోతూ "స్థావరంల థకారం, మరువకు" అన్నాడు నాతో. రెండో తప్పు గురించి ఒక్క మాటైనా అనలేదు. నోఫికర్ సారు మాత్రం "నేను చెప్పలేదా బిడ్డా!" అన్నారు.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు ప్రశ్నల పోశవ్వ, దుబాయి, మస్కట్ నుంచి వచ్చేవాళ్ళు తెచ్చే తలనొప్పి బామ్ డబ్బీ చిన్నది ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "బాపు వచ్చిండు టీచర్, మీరు చెప్పినట్టే" అంది. నేను తల దించుకుని హాజరుపట్టీలో లేని పేర్లు వెతికాను.

ఇప్పుడు నాది పర్మనెంటు ఉద్యోగం. నా సంచీలోనూ ఒక ఎర్రపెన్ను ఉంది. ఏటా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. కొందరు ఇంటికి పోయారు, చాలామంది పోలేదు అని ఉన్నదున్నట్టే చెబుతాను. కాకపోతే ఆ మాట చెప్పే ముందు, ఎవరి బాపు ఎక్కడున్నాడో ఒకసారి కనుక్కుంటాను. ఖాళీ అయిన ఆ డబ్బీ మూత తీసినప్పుడల్లా నాకు ఆ ఇరవై రెండేళ్ళ పిరికి టీచరు గుర్తొచ్చి నవ్వొస్తుంది. సుద్దముక్కకు వణికింది, వత్తుకు వణికింది, ఆ ఒక్క అబద్ధం మాత్రం వణక్కుండా చెప్పింది. ఇప్పుడు తనిఖీలంటే నాకేం భయం లేదు. బల్లి సంగతి మాత్రం అడక్కండి.