నాలుగు వేళ్ల ఎత్తు

గద్వాలలో డాక్టరు నాకు షుగరు ఉందని తేల్చినప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున పూట ఓట్స్ ఉడుకుతున్నాయి. నీళ్లు మరిగి గింజ మెత్తబడే వేళకు వంటగదంతా తడిసిన గడ్డి వాసన వేస్తుంది. మా ఆయనకు ఆ వాసన గిట్టదు, ముక్కు మూసుకుని వరండాలోకి పోతాడు. నాకు మాత్రం దానితో పాటే బుచ్చయ్య సార్ గుర్తుకొస్తారు. ఆయనే ఉంటే గిన్నెలోకి ఒకసారి తొంగి చూసి, బర్రెలకు పెట్టమని ఊరూరా తిరిగి చెప్పిన గడ్డి గింజలను నువ్వే తింటున్నావా అని ఎగతాళి చేసేవారు.

బుచ్చయ్య సార్ నా మొదటి ఆఫీసరు. పాన్‌గల్ మండలంలో నేను వ్యవసాయ విస్తరణ ఉద్యోగంలో చేరేనాటికి ఆయన రిటైర్మెంటుకు ఏడాదిన్నర మిగిలింది. సన్నటి మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, జేబులో ఎర్ర ఇంకు పెన్ను. ఊళ్లలో ఆయనకు భయపడేవాళ్లు లేరు, ఆఫీసులో భయపడనివాళ్లు లేరు. నేనేమో కాలేజీలో మొదటి వరసలో కూర్చుని, మొదటి మార్కులు తెచ్చుకుని వచ్చినదాన్ని. ఆ సంగతి నా నడకలోనే తెలిసిపోయేదని తర్వాత ఆయనే అన్నారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ రెండు మొక్కల పేర్లు ఇచ్చేవారు. ఒకటి మన చేలో కనబడేది, ఇంకొకటి మన జన్మలో చూడబోనిది. రెండింటినీ నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో పెట్టి, ఏ నేల కావాలి, ఎంత నీరు తాగుతుంది, ఎన్నాళ్లకు చేతికొస్తుంది, దేనికి పనికొస్తుంది, కోత తర్వాత ఏం మిగులుతుంది అన్నవి రాయాలి. నా వంతుకు వచ్చినవి, పశుగ్రాసంగా అప్పుడప్పుడే మా మండలానికి వస్తున్న ఓట్స్, సీసాల బిరడాలకు బెరడునిచ్చే కార్క్ ఓక్ చెట్టు. మా ఎర్రచెల్క నేలల్లో కూర్చుని ఎక్కడో మధ్యధరా సముద్రపు ఒడ్డున పెరిగే చెట్టు గురించి రాయడమేమిటి, బోడిగుండుకూ మోకాలికీ ముడి కాకపోతే అని లోపల విసుక్కున్నాను.

విసుక్కున్నా రాశాను, రాయడంలో నన్ను మించినవాళ్లు లేరన్న పొగరు ఉండేది మరి. ఓట్స్‌కు చలికాలం కావాలి, నీరు నిలవని నేల కావాలి, పది పదిహేను రోజులకొక తడి కావాలి. కార్తీకంలో విత్తితే రెండు నెలలు తిరగకుండా మొదటి కోత వస్తుంది. భూమికి నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురించి రెండో కోత ఇస్తుంది. కార్క్ ఓక్ ఇందుకు పూర్తిగా వేరు. వానలు చలికాలంలో పడి ఎండాకాలమంతా ఎండిపోయే దేశాల్లో, ఇసుక కలిసిన బీద నేలల్లో, ఎవరూ నీళ్లు పెట్టకుండానే బతుకుతుంది. మొదటిసారి బెరడు ఒలవడానికి పాతికేళ్లు ఆగాలి. ఆ తర్వాత తొమ్మిదేళ్లకొకసారి ఒలవవచ్చు, లోపలి తోలుకు గాటు పడకుండా ఉంటే చాలు, చెట్టు మళ్లీ బెరడు కట్టుకుంటుంది. దాని బెరడు బిరడాలవుతుంది, చెప్పుల అడుగులవుతుంది, గోడలకూ నేలకూ పరిచే పలకలవుతుంది. ఓట్స్ గింజ మనుషులకు, గుర్రాలకు. పచ్చిగడ్డి పాడి పశువులకు. ఇలా నలభై పేజీలు నింపి ఆయన బల్ల మీద పెట్టాను.

సార్ రెండు రోజులు చదివారు. బాగా రాశానన్నారు కానీ, ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది, అది మాత్రం రాయలేదన్నారు. రెండు నెలల గడ్డికీ రెండు వందల ఏళ్ల చెట్టుకూ పోలికేమిటని అడిగాను. ఆయన సూటిగా చెప్పలేదు. తన తొలి ఉద్యోగం బల్మూర్ వైపు చేసినప్పటి సంగతి ఎత్తుకున్నారు. అక్కడి అడవిలో తపసి చెట్టుకు జిగురు తీసే చెంచు పెద్దాయన ఒకరు చిన్న కత్తితో పైతోలు మీద వేలెడంత గాటు పెట్టి, ఆ చెట్టును చాలాకాలం వదిలేసేవాడట. బయటి నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ జిగురు కోసం గొడ్డళ్లతో లోపలి దాకా కొట్టారట. రెండేళ్లలో ఆ చెట్లు ఎండిపోయాయి. కథ బాగుందనుకున్నాను. నాకేం సంబంధమో ఆలోచించలేదు.

ఆ కార్తీకంలోనే సాయమ్మకు ఓట్స్ విత్తనం ఇచ్చాను. సాయమ్మ భర్త పుణె వైపు మట్టిపనికి వలస పోయి ఆరునెలలకోసారి వచ్చేవాడు. ఇల్లు నడిచేది మూడు బర్రెల పాల మీద. బోరు కింద అరెకరం ఉన్నా ఎండలు ముదిరేసరికి మేత చాలక, ఏటా ఒక బర్రెను సంతకు తోలడం, వానలు పడ్డాక అప్పు చేసి ఇంకొకటి తెచ్చుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఓట్స్ రెండు కోతలు వస్తే, దాచిన జొన్న చొప్పతో కలిపి ఎండాకాలం గట్టెక్కుతుంది. ఈ ఏడు బర్రెను అమ్మే పని లేదక్కా, నాది పూచీ అని గట్టు మీద నిలబడి చెప్పాను. ఎప్పుడు తడి పెట్టాలో, ఎంత యూరియా చల్లాలో, ఏ వారంలో కోయాలో నోటితో చెప్పాను. మిగతాది కరపత్రంలో ఉందని చేతిలో పెట్టి వచ్చాను.

కోత అయిన మరునాడు పోతే చేను ఊడ్చిన వాకిలిలా ఉంది. మా వైపు జొన్నను నేలకు ఆనించి కోస్తారు. కొయ్యలు మిగిలితే కాళ్లకు గుచ్చుకుంటాయి, చొప్ప దండగవుతుంది, కోసినవాళ్లు ఒళ్లు వంచలేదని నలుగురూ నవ్వుతారు. సాయమ్మ ఊరంతటికీ పేరున్న కోతమనిషి. నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతూ, "ఒక్క కొయ్య ఉంచలే బిడ్డా, మల్ల మాట రావొద్దని," అంది. నాలుగు వేళ్లు వదలాలన్న మాట ఆమెతో అననే లేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడైనా తప్పు నాదని చెప్పలేదు. చిగురిస్తుందిలే అని గొణిగి వచ్చేశాను.

చిగురించలేదు. అక్కడక్కడ నాలుగు పోచలు తప్ప రెండో కోత లేదు. మాఘం దాటగానే చొప్ప వామి అడుగంటింది, శివరాత్రి వెళ్లిన వారం సాయమ్మ చిన్న బర్రెను సంతకు తోలింది. రెండో ఈత బర్రె, మూడింట్లోనూ ఎక్కువ పాలు దానివే. పెద్దవాటికి ధర రాదు కాబట్టి దాన్నే అమ్మాల్సి వచ్చింది.

నేను ఆఫీసుకు వచ్చి రిపోర్టు రాశాను. "రైతు అవగాహన లోపం వల్ల రెండో కోత రాలేదు" అని మా శాఖలో అందరూ రాసే వాక్యమే రాశాను. సార్ నన్ను పిలిచి, నా పాత నోటుబుక్కు తెరిచి, ఒక పేజీలో లోపలి తోలుకు గాటు పడకూడదన్న వాక్యాన్నీ ఎదుటి పేజీలో నాలుగు వేళ్ల ఎత్తు వాక్యాన్నీ నాతోనే పైకి చదివించారు. చదువుతుంటే పోలిక అర్థమైంది.

"ఇది సాయమ్మకు చెప్పినవా?" అన్నారు.

కరపత్రం ఇచ్చానన్నాను.

"ఆమెకు చదువొస్తదా?"

రాదు. ఆ సంగతి నాకు తెలుసు, విత్తనం తీసుకున్నప్పుడు వేలిముద్ర వేయించింది నేనే. సార్ రిపోర్టు నా వైపు తోసి, "లోపం ఎవరిదో సక్కగ రాయి," అన్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఈ మాట పైకి పోతే ఏమవుతుందో తెలియదు. అయినా, నేను చెప్పలేదని రాశాను. దాని కింద ఆయన ఎర్ర ఇంకుతో, చెప్పిందో లేదో తాను చూసుకోలేదని రాసి సంతకం పెట్టారు. తర్వాత పైనుంచి సంజాయిషీ అడుగుతూ మెమో ఆయనకే వచ్చింది. ఆ రోజు మాత్రం నాకు ఆయన మీద కోపం వచ్చింది, సిగ్గేసింది, ఇంటికి పోయి ఏడ్చాను.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని సాయమ్మ ఇంటికి పోయారు. ఆయనే ఏదో సర్దిచెబుతారని ఆశపడ్డాను. ఆయన గడప బయటే ఆగి నన్ను ముందుకు పొమ్మన్నారు. తప్పు నాదేనని చెప్పాను. సాయమ్మ తిట్టి ఉంటే బాగుండేది. "పోనీ బిడ్డా. చిన్నది మంచిది, పిల్లలు చెయ్యేసినా తన్నకపోయేది," అని మాత్రం అంది. తర్వాతి వారం సార్ రాజోలిలో తెలిసినవాళ్లతో మాట్లాడి ట్రాక్టరు వరిగడ్డి తెప్పించారు. మిగిలిన రెండు బర్రెలూ ఆ గడ్డితో వానల దాకా నిలిచాయి.

ఆ తర్వాత మూడేళ్లు సాయమ్మ నా దగ్గర ఓట్స్ విత్తనం ముట్టలేదు. ప్రతి కార్తీకంలోనూ పోయేదాన్ని. చల్ల ఇచ్చేది, మంచిగా మాట్లాడేది, విత్తనం మాట ఎత్తితే ఈసారికి జొన్ననే వేస్తాననేది. సార్ రిటైరై వనపర్తిలో ఉండేవారు. ఎప్పుడు చూడబోయినా ముందు అడిగేది ఒకటే, సాయమ్మ విత్తనం అడిగిందా అని. లేదు సార్ అంటే, పోతున్నావా అనేవారు. పోతున్నానంటే తలాడించి టీ తెప్పించేవారు. నాలుగో ఏడు శ్రావణంలో గుండెనొప్పి వచ్చి, దవాఖానకు చేరేలోపే పోయారు.

ఆ కార్తీకంలో సాయమ్మే నన్ను దారిలో ఆపింది. "గింజలు తీస్కుంట. కాయితం వద్దు. కోతనాడు కొడవలి నువ్వు పట్టి సూపియ్యాలె," అంది. నేను ఆ రోజు దాకా కొడవలి పట్టి ఎరగను, అంత చదువూ చదివి. కోతనాడు వంగి, ప్రతి దుబ్బు దగ్గరా నాలుగు వేళ్లు ఆనించుకుని కోశాను. సాయమ్మ నా వెనకే నడుస్తూ తక్కువైన చోటల్లా చెప్పింది. రెండు సాళ్లకే అరచేయి బొబ్బలెక్కింది, అప్పుడు కొడవలి తీసుకుని మిగతాది తను కోసింది. వారం తిరిగేసరికి ప్రతి మొదలు నుంచీ పచ్చగా చిగురు లేచింది.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. కరపత్రాలు ఇప్పటికీ పంచుతాం. అయినా కొత్త విత్తనం ఇచ్చిన చోట మొదటి కోతకు నేనో మావాళ్లో చేలో ఉండి తీరాలి, ఇందుకు నాకు చాదస్తమని పేరుంది. నేను కొడవలి పట్టిన ఆ ఏడు ఎండాకాలం సాయమ్మ కొట్టం నుంచి బర్రె సంతకు పోలేదు. ఆ మాట ఆమె నోట విన్న రోజు, ఏళ్ల అలవాటున స్కూటీని వనపర్తి దారి పట్టించాను. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, చెప్పడానికి అక్కడ సార్ లేరని.