బాబాయిగారిని బయటికి పంపిన పూట

ఆ రోజుల్లో నర్సంటే ఇంజెక్షన్ చేసే అమ్మాయి అనే అందరూ అనుకునేవారు. ట్రైనింగులో మా ట్యూటరమ్మ మాత్రం, రోగి తరఫున మాట్లాడటం కూడా మన పనేనని గట్టిగా పాఠం చెప్పింది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే నేను అదనంగా కాగితం అడిగి మరీ రాశాను. తీరా తెనాలిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరాక, పెద్ద డాక్టరుగారి ముందు నా నోట రెండే మాటలు వచ్చేవి: ‘ఎస్ సార్’, ‘నో సార్’. (రెండోది ఎప్పుడో గాని వచ్చేది కాదు.) రేపల్లెలో బడిపంతులుగారి కూతుర్ని నేను. చర్చిలో పాట పాడమంటే వెనక వరసలో నిలబడి పెదాలు మాత్రం కదిపే రకం.

ఎనభైల చివర్లో అనుకుంటాను, బాపట్ల నుంచి ఒకావిడ వచ్చి స్పెషల్ రూములో చేరింది. పిత్తాశయంలో రాళ్లు. ఉండుండి విపరీతమైన కడుపునొప్పి, దాని వెనకే చలిజ్వరం. ఆపరేషన్ చేసి తీసేయడమే మేలని డాక్టరుగారు తేల్చారు. ఆవిడని నేను పిన్నిగారూ అని, ఆవిడ భర్తని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. బాబాయిగారు వ్యవసాయ కాలేజీలో పొలం పనులు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చాలా మంచి మనిషి. భార్యని పువ్వుల్లో పెట్టి చూసుకునేవారు. ఒక్కటే చిక్కు: ఆవిడని ఏమడిగినా ఆయనే జవాబు చెప్పేవారు.

ఆకలేస్తోందా పిన్నిగారూ అంటే, వెయ్యట్లేదమ్మా అని ఆయన. నొప్పి ఎక్కడ అంటే ఆయన తన పొట్ట మీదే చెయ్యి పెట్టి చూపించేవారు. ఒకసారి ఆవిడ నోట్లో థర్మామీటరు ఇంకా ఉండగానే, జ్వరం లేదమ్మా అనేశారు. (తీసి చూస్తే ఉంది.) మేం నర్సులం చాటున ఆయన్ని రేడియో బాబాయి అనుకునేవాళ్లం. ఆపరేషన్ మాట వచ్చేసరికి కూడా అదే వరస. మా ఆవిడకి కత్తంటే మహా భయమండి, ఏవో మందులిచ్చి పంపించేయండి అని ఆయన పట్టుబట్టారు. రాయి అడ్డుపడితే కామెర్లు వస్తాయని, అప్పుడు ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు చెప్పి చూశారు. పిన్నిగారు తల వంచుకుని దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది. ఇష్టం లేనివాళ్లకి బలవంతాన చెయ్యలేం, మర్నాడు ఇంటికి పంపేద్దాం అని డాక్టరుగారు వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నేను మాత్రలు ఇవ్వడానికి వెళ్తే పిన్నిగారు నా వేళ్లు గట్టిగా పట్టుకుని ఏదో చెప్పబోయింది. వెంటనే కుర్చీలోంచి, “మంచినీళ్లు కావాలంటోందమ్మా” అని వినపడింది. ఆవిడ నా చెయ్యి వదిలేసింది. ఆవిడకి కావలసింది మంచినీళ్లు కాదని నాకు అర్థమైంది.

ధైర్యం చేసి, ఇంటికి వెళ్లబోతూ మెట్లు దిగుతున్న డాక్టరుగారి వెంటపడి, ఆవిడ ఏదో చెప్పాలనుకుంటున్నారేమో సార్ అని నసిగాను. అయితే కనుక్కోమ్మా అన్నారాయన. కనుక్కోవడానికి వెళ్లాను. ఏం లేదమ్మా, నేను అడిగాను కదా అని బాబాయిగారు జవాబిచ్చారు.

ఇక ఆయన్ని గదిలోంచి కదిలించడం తప్ప దారి కనపడలేదు. మర్నాడు ఉదయం నుంచీ అదే ప్రయత్నం. కాఫీ తెచ్చుకోండి అంటే పక్కనున్న ఫ్లాస్కు చూపించారు. ఫలానా మందు కావాలంటే సంచిలోంచి తీసిచ్చారు. కాసేపు బయట గాలికి తిరగండి అంటే కిటికీ ఇంకాస్త తెరిచారు. కారిడార్లో రౌండ్స్‌కి వస్తున్న డాక్టరుగారి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఏం చెయ్యాలో తోచక కిటికీలోంచి చూస్తే, ఆస్పత్రి వెనక వాచ్‌మన్ వేసుకున్న బెండమొక్కలు కనపడ్డాయి. ఆకులన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి.

“బాబాయిగారూ, ఆ బెండాకులు అలా ఉన్నాయేంటండీ?” అన్నాను.

ఆయన కిటికీ దగ్గరికొచ్చి తొంగి చూశారు. ముఖం రంగు మారిపోయింది. అది పల్లాకు తెగులమ్మా, పక్క మొక్కలకి పాకుతుంది అంటూ పంచె ఎగ్గట్టుకుని మెట్లవైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు.

డాక్టరుగారు లోపలికి వచ్చారు. “సార్, పిన్నిగారిని ఒక్కసారి అడగండి సార్. ఆవిడనే” అన్నాను. గోడ మాట్లాడినట్టు ఆయన నావైపు చూశారు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, ఆపరేషనంటే అంత భయమా అమ్మా అని అడిగారు.

“నాకేం భయం లేదండి. భయం ఆయనకి” అంది పిన్నిగారు.

ఆపైన మాటలు కాలవకి గండి పడ్డట్టు వచ్చాయి. బాబాయిగారి అక్కగారు ఎప్పుడో ఆపరేషన్‌కి వెళ్లి తిరిగి రాలేదట. అప్పట్నుంచీ ఆయనకి ఆ మాటంటేనే వణుకట. ఆయన్ని బాధపెట్టలేక నోరు మూసుకుందట గాని, ఈ నొప్పి ఇక పడలేనంది. ఆపరేషన్ చేయించుకుంటాను, ఆయనకి మాత్రం మీరే నిదానంగా చెప్పండి అంది. (అదే ఊపులో ఆస్పత్రి ఫ్యాను కిర్రుమంటోందని, సాంబారులో ఉప్పు లేదని కూడా చెప్పింది. డాక్టరుగారు అన్నిటికీ తలూపారు.)

చూస్తే గుమ్మంలో బాబాయిగారు. చేతులకి మట్టి, వేళ్ల మధ్య పసుప్పచ్చని ఆకు. ఎంతసేపట్నుంచి వింటున్నారో తెలియదు. ఆయన ఏమీ మాట్లాడకుండా నిలబడటం మేం చూడటం అదే మొదటిసారి. చివరికి ఆయన, “మీరు చేస్తే బతుకుతుందాండి?” అని డాక్టరుగారిని అడిగారు. పూచీ ఇవ్వలేనుగాని, చాలామంది హాయిగా లేచి తిరుగుతారని, ఊరుకుంటేనే ప్రమాదం ఎక్కువని డాక్టరుగారు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పారు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బాబాయిగారు బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేను ఏదో పని కల్పించుకుని మాటిమాటికీ బయటికొచ్చి, అంతా బాగానే జరుగుతోంది బాబాయిగారూ అని చెప్పి వెళ్లేదాన్ని. ఆయన పక్షాన కూడా ఒకరుండాలని ఏ పాఠంలోనూ రాయలేదు, ఎందుకో తోచింది. పిన్నిగారు చక్కగా కోలుకుంది. ఆవిడని చూడవచ్చిన ప్రతివాళ్లకీ సీసాలో వేసిచ్చిన రాళ్లు చూపిస్తూ బాబాయిగారు ఉపన్యాసాలు ఇచ్చారు.

వాచ్‌మన్ మాత్రం నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఆ తెగులుకి మందు లేదని బాబాయిగారు మొక్కలన్నీ పీకేశారు మరి. ఆయన్ని పురమాయించింది నేనేనని అతనికి ఎవరో చెప్పారు. మేట్రనమ్మ నన్ను గదికి పిలిస్తే తిట్లు తప్పవనుకున్నాను. ఆవిడ నవ్వు ఆపుకుంటూ, “ఈసారి చెప్పాల్సిందేదో తిన్నగా నోటితో చెప్పమ్మాయ్” అని పంపేసింది.

తర్వాత చాలా ఆస్పత్రుల్లో చేశాను. చెప్పాల్సింది తిన్నగా చెప్పడం మెల్లగా అలవాటైంది. ఉద్యోగం చివరి రోజుల్లో నేను కనపడితే కొందరు డాక్టర్లు పక్క వరండాలోంచి వెళ్లేవారని విన్నాను. అయినా, ఒక్క ముక్క అడిగే ధైర్యం లేక ఓ బెండతోటంతా పీకించిన ఆ పిల్ల తలపుకొస్తే ఇప్పటికీ ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను. భయపడింది గాని, పిన్నిగారిని వదిలేసి వెళ్లలేదు. పాపం, పర్వాలేదు అనిపిస్తుంది.