బ్రేకుల్లేని బళ్ళు, బ్రేకుల్లేని ప్రార్థన

జోజయ్య దేవుడితో మాట్లాడటం మొదలుపెడితే, పనుందని చెప్పి దేవుడే లేచి వెళ్ళాలి తప్ప ఆయనంతట ఆయన ఆపడు.

ఆస్ట్రేలియాలోని డార్విన్ ఊళ్ళో అప్పటికున్న తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ ఇళ్ళన్నిటికీ ఈ సంగతి తెలుసు. ఆయన్ని భోజనానికి పిలిచిన ఇల్లాలు ఎవరూ ముందే వండి పెట్టుకునేవాళ్ళు కాదు. ఆయన "ప్రేమగల తండ్రీ" అన్నప్పుడు బియ్యం కడిగితే, "ఆమెన్" అనేసరికి బిర్యానీ దమ్ము దిగేది. పిల్లలు మధ్యలో వెళ్ళి స్నానం చేసొచ్చేవాళ్ళు. ఆయన భార్య సువర్ణకుమారి మాత్రం మంచి కుర్చీ ఒకటి చూసుకుని ముందే కూర్చునేది. అనుభవం.

ఇలాంటి మనిషిని మోటార్‌సైకిల్ రేసుల జట్టుకి మేనేజర్‌ని చేశారు.

మామూలు రేసులు కావు, స్పీడ్‌వే. ఆ బండికి నిజంగానే బ్రేకులుండవు. గేరు ఒక్కటే. నలుగురు మనుషులు గుండ్రటి మట్టి ట్రాక్ మీద ఎడమకే తిరుగుతూ నాలుగు చుట్లు కొట్టాలి. మలుపొస్తే వెనక చక్రాన్ని కావాలనే జారనిస్తారు. జారింది చక్రమా మనిషా అన్నది దుమ్ము తగ్గాక తెలుస్తుంది. జట్టు పేరు మడ్ క్రాబ్స్, అంటే బురద పీతలు. రెండో డివిజన్ లీగ్‌లో ఆఖరి స్థానం వాళ్ళకి సొంతిల్లు. దాని కింద మూడో డివిజన్ లేదు కాబట్టి పడిపోయే భయం కూడా లేదు.

జోజయ్య చీరాల మనిషి. హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. ప్రతి వీకెండూ మోచేతులు, భుజాలు, పక్కటెముకలు అన్నీ ఒకే చోటు నుంచి వస్తుంటే, ఈ సరుకు తయారయ్యే ఫ్యాక్టరీ ఎలా ఉంటదో చూద్దామని ఓ శనివారం ట్రాక్ దగ్గరికి వెళ్ళాడు. పాత మేనేజర్ మానేసింది ఆరోజే. కొత్తగా ఎవరు చేస్తారని అడిగినప్పుడు జోజయ్య చెయ్యెత్తింది ఈగని తోలడానికేనని క్లబ్బులో ఇప్పటికీ ఒక వాదన ఉంది.

ఆయన పెట్టిన మొదటి రూలు ప్రార్థన. మ్యాచ్‌కి ముందొకటి మామూలుది. మన వాళ్ళెవరైనా కిందపడి లేస్తే ఇంకోటి, అది స్పెషల్. జట్టంతా హెల్మెట్లు తియ్యాలి. కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడాలి. దేన్నీ ఆనుకోకూడదు. కళ్ళు గట్టిగా మూసుకోవాలి. అంతా తెలుగులోనే. ఇంగ్లీషులో అయితే దేవుడికి లీవ్ లెటర్ పెట్టినట్టుంటదని ఆయన అభిప్రాయం.

ఆ జట్టులో తెలుగొచ్చిన దురదృష్టవంతుడు డేనీ ఒక్కడే. ఆ తెలుగు ఇళ్ళలో ఒకటైన నాథన్ గారబ్బాయి. ఇంజినీరింగ్ రెండో ఏడు మధ్యలో యూనివర్సిటీ మానేసి, ఇంజిన్ల గురించి వినడం కంటే వాటి మీద కూర్చోవడమే నయమని బండెక్కాడు. మిగతావాళ్ళకి ప్రార్థన ఒట్టి శబ్దం. డేనీకి మాత్రం ప్రతి ముక్కా అర్థమై చచ్చేది. అది సృష్టితో మొదలై, చీరాల తుఫాను మీదుగా, మరదలి మోకాలి నొప్పి దగ్గర ఆగి, పెరట్లో కాపుకి రాని మునగచెట్టు చుట్టూ తిరిగి, ఎప్పటికో క్లచ్ ప్లేట్ల దగ్గరికొచ్చేది. ఆ మరదలి మోకాలి గురించి డేనీకి ఆమె డాక్టర్ కంటే ఎక్కువ తెలుసు.

పైగా శిక్షలు. పక్కూరు కాథరిన్‌లో మ్యాచ్ జరిగినప్పుడు కెప్టెన్ రే బండి మీంచి ఎగిరి ఫెన్సింగ్‌కి తగిలాడు. రే వృత్తి పీతలు పట్టడం, ఒంటి నిండా పచ్చబొట్లు, లేచి దులుపుకుని ఇంకో రేసుకి తయారు. స్పెషల్ ప్రార్థన అయింది. ప్రార్థనలో చూయింగ్ గమ్ నమిలాడని జోజయ్య అతన్ని ఆ రోజుకి పక్కన కూర్చోబెట్టాడు. ఇంకోసారి రిజర్వ్ రైడర్ బ్రూస్ పడ్డాడు. బ్రూస్‌ది మాంసం కొట్టు, వయసు యాభై, పడితే ట్రాక్‌కే దెబ్బ. ఆమెన్ ఆలస్యంగా అన్నాడని అతన్నీ దించేశాడు. ఇంతింత మనుషులు మారు మాట్లాడకుండా వెళ్ళి కూర్చోవడం చూసి, వీళ్ళ మీద మతం బాగానే పని చేస్తోందనుకున్నాడు డేనీ.

తొంభయ్యో సంవత్సరం, సీజన్ ఆఖరి మ్యాచ్. మడ్ క్రాబ్స్ ఎలాగూ అడుగునే ఉన్నారు. కానీ డేనీకి మాత్రం ఆ రోజే ముఖ్యం. ఫస్ట్ డివిజన్ జట్టు కోసం కుర్రాళ్ళని ఏరడానికి అడిలైడ్ నుంచి ఒక పెద్దాయన వచ్చి స్టాండ్‌లో కూర్చున్నాడు. ఆయన రమ్మంటే డేనీ రేసులాడుకోవచ్చు, రమ్మనకపోతే ఫిబ్రవరిలో నోరు మూసుకుని యూనికి పోవాలి. తండ్రీకొడుకుల మధ్య జరిగిన ఒప్పందం అది.

మొదటి రేసు డేనీ గెలిచాడు. రెండో దాంట్లో మూడో మలుపు దగ్గర వెనక చక్రం అతని మాట వినలేదు. ఫెన్సింగ్‌కి కొట్టుకుని లేచాడు. జనానికి చెయ్యూపాడు. ఎవరడిగినా ఏం కాలేదన్నాడు. ఆఖరి రేసు ఇంకా మిగిలే ఉంది. అడిలైడ్ ఆయన అప్పటికీ లేచి వెళ్ళలేదు.

జోజయ్య అందర్నీ బళ్ళు నిలిపే పిట్స్‌లో వరసగా నిలబెట్టాడు. హెల్మెట్లు దిగాయి. "ప్రేమగల తండ్రీ" మొదలైంది. డేనీ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నా ట్రాక్ మాత్రం ఎడమకి తిరుగుతూనే ఉంది. తుఫాను గడిచింది. మరదలి మోకాలొచ్చింది. ఆ మోకాలు సగంలో ఉండగా ప్రార్థన టక్కున ఆగిపోయింది. ఆమెన్ కూడా లేదు. డేనీ కాలర్ ఎవరి చేతిలోనో ఉంది.

"ప్రార్థనలో నవ్వావు. ఇయ్యాల ఇంక నీకు రేసు లేదు" అన్నాడు జోజయ్య.

"నేన్నవ్వలా అంకుల్."

"నాకు కనపడింది."

"కళ్ళు మూసుకుంటే మీకెట్టా కనపడుద్ది?"

"మేనేజర్‌తో వాదించబాక. బ్రూస్, హెల్మెట్ పెట్టుకో."

డేనీ బతిమాలాడు. అడిలైడ్ సంగతి చెప్పాడు, నాన్న సంగతి చెప్పాడు, ఆఖరికి తిట్టాడు కూడా. జోజయ్య అన్నీ వింటూనే అతని కాలర్ పట్టుకుని తీసుకెళ్ళి బళ్ళు మోసుకొచ్చే యూట్ ట్రక్కు నీడలో కూర్చోబెట్టాడు. అటు బ్రూస్ ఆఖరి రేసు ఆడాడు. చివరి చుట్టు వేళకి జనం అతన్ని తర్వాతి సీజన్ రేసువాడనుకున్నారు.

ఇటు డేనీ యూట్ వెనక వాంతి చేసుకున్నాడు. రే నీళ్ళ సీసాతో వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వు నవ్వావంట."

"నవ్వలేదు."

"తెలుసు మేట్. కాథరిన్‌లో నేనూ గమ్ నమల్లేదు. అసలు నా దగ్గర గమ్మే లేదు."

డేనీ అతని మొహం వంక చూశాడు.

"తలకి గట్టిగా తగిలినవాడు కాళ్ళు దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని ఎక్కువసేపు నిలబడలేడు. ఊగుతాడు. ఊగేదాకా ఆ ముసలాయన ప్రార్థన సాగదీస్తాడు. మా అందరి కళ్ళూ మూయించి, తను మాత్రం తెరుచుకుని చూస్తుంటాడు."

"తల తిరుగుతోందా అని అడగచ్చుగా."

"అడిగితే నువ్వు అవునంటావా? తల తిరిగిందని అందరి ముందూ దించేస్తే మనకి పరువు పోతుంది. చర్చిలో అల్లరి చేసినట్టు దించేస్తే బీర్లు ఇప్పిస్తారు."

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"మాకు ఒక్క ముక్కా అర్థం కాదు కాబట్టి బోర్ కొట్టి ఒక కన్ను తెరిచాం. నువ్వేమో వింటూ కూర్చున్నావు."

ఆ మోకాలి మీద తను పెట్టిన శ్రద్ధంతా తల్చుకుని డేనీకి ఏడవాలో ఏం చెయ్యాలో తెలియలేదు. అంతలో స్టాండ్ వైపు నుంచి జోజయ్య తాపీగా నడుచుకుంటూ వచ్చాడు. రే లేచి తప్పుకున్నాడు.

"ఆ అడిలైడ్ ఆయనతో మాట్లాడొచ్చాలే. ప్రార్థనలో నవ్వాడు గనక దించేశానని చెప్పా" అన్నాడు జోజయ్య.

"ఏమన్నాడు?"

"నీ హెల్మెట్ చూపించమన్నాడు. దాని మీద సొట్ట వంక చూశాడు, నా వంక చూశాడు. నవంబర్లో పంపించు, ఈలోపు తల నెమ్మదిస్తుంది అన్నాడు. తల ఊసు నేను ఎత్తలా. ఆయనే ఎత్తాడు."

జోజయ్య వంగి డేనీ రెండు కళ్ళలోకీ మార్చి మార్చి చూసి, పద, హాస్పిటల్‌కి పోదాం అన్నాడు. నాలుగడుగులు వేశాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఆయన ఇంకోటి కూడా అడిగాడు. వాళ్ళ జట్టుకి ఒక ప్రార్థన నేర్పమన్నాడు, చిన్నది ఏదన్నా ఉంటే."

"మీరేమన్నారు?"

"చిన్నది నాకు రాదని చెప్పా."

డేనీ ఆగలేక నవ్వాడు. నవ్వితే తలలో సుత్తి పడ్డట్టయింది, అయినా ఆగలేదు.

"నవ్వబాకరా. తల కదులుద్ది" అని జోజయ్య అతని జబ్బ పట్టుకున్నాడు. "ఇంకో వారం సస్పెండ్ చేస్తా."