పెట్రోల్ మూత మీద బొట్టు

2022. గిద్దలూరు రైల్వే గేటు దగ్గర నా షెడ్డుకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. చప్పుడు విని బండి జబ్బు చెప్పేస్తానని నాకు కాస్త పొగరు. పని వచ్చినవాడికి ఆమాత్రం ఉండాలి కూడా.

ఊళ్లోని చిన్న మ్యూజియం వార్షికోత్సవానికి పాత కార్లన్నీ బస్టాండు నుంచి వరుసగా రావాలి. రిటైరైన టీచరు లక్ష్మీదేవక్క తన నాయన ఫియట్‌ను తానే నడుపుకుంటూ తేవాలనుకుంది. ఆయన ఆమెకు డ్రైవింగ్ నేర్పింది దాని మీదే. కానీ కారు పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది. తాడు కట్టి లాక్కొస్తామన్నారు మ్యూజియం వాళ్లు.

"నాయన ఉన్నన్నాళ్లు ఆ కారు తాడు ఎరగదు మస్తానూ. అట్లయితే కారూ రాదు, నేనూ రాను," అంది అక్క.

పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌ను రెండుసార్లు విప్పి కడిగాను. ఫ్యూయల్ పంపు మార్చాను. ఆగినప్పుడల్లా ట్యాంకు మూత తీసి, పెట్రోల్ ఉందని చూసి, మళ్లీ బిగిస్తే స్టార్టయ్యేది. "దారికొచ్చింది చూడక్కా," అనేవాణ్ణి. పది నిమిషాలకు నా పరువు తీసేది.

ఉత్సవం ముందురోజు మూత తీస్తుంటే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకు సూదిమొన అంత రంధ్రం ఉంటుంది. పెట్రోల్ వాడే కొద్దీ దాంట్లోంచి గాలి దిగాలి, లేకుంటే పెట్రోల్ కదలదు. దాని మీద పసుపు కుంకుమ పెచ్చు కట్టి ఉంది.

"ఈ బొట్టు ఎప్పటి నుంచి అక్కా?"

"నాయన పోయినప్పటి నుంచి, ప్రతి శుక్కురవారం. బొట్టు పెట్టి, రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తా." ఆమె ముఖం వాడిపోయింది. "నేనే దాని ఊపిరి కట్టేసినానా ఏంది?"

నాకు మనసు చివుక్కుమంది. "రంధ్రానికి రెండు వేళ్లు పక్కన పెట్టక్కా. అయినా ఆయనకు అందుతాది."

ఆమె నవ్వి, జడపిన్నుతో ఆ పెచ్చును తానే గీకింది.

మర్నాడు ఆమె పక్క సీట్లో నేను కూర్చున్నాను. దారంతా కారు ఎక్కడా ఆగలేదు. మ్యూజియం ఆవరణలో తాళం తిప్పి, "చూసినావా తమ్ముడూ, ఈసారి ఆపింది నేను," అని కళ్లు తుడుచుకుంది.

మొదటి రోజే ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే ఇన్ని తిప్పలు ఉండేవి కావు. ఇప్పుడు ఏ పాత బండి వచ్చినా, దాన్ని ఇంట్లో ఎట్లా చూసుకుంటారో అడిగాకే బానెట్ ఎత్తుతాను.