ఫ్లెక్సీ ఎక్కిన నెట్ బౌలర్

నేను అబద్ధాలు చెప్పను. జరిగినదానికి కాస్త ఇస్త్రీ చేసి చెబుతాను, అంతే. ఈ తేడా పాతికేళ్లుగా మా ఆవిడకు అర్థం కాలేదు. మా మేనల్లుడికి మాత్రం ఒక్క వారంలోనే అర్థమైంది, పాపం.

వాడు బాచుపల్లిలో ఉండే మా అక్క కొడుకు. ఇరవై రెండేళ్లు, ఎడమచేతి స్పిన్నర్. సిటీ లీగులో ఒక క్లబ్బుకు ఆడుతూ, రాష్ట్ర జట్టు గుమ్మం ముందు మూడేళ్లుగా చెప్పులు విప్పి నిలబడ్డాడు. లోపలికి రమ్మనే నాథుడు లేడు. మా బావ గడువు పెట్టేశాడు: ఈ ఎండాకాలం దాటితే కిట్టు అటక మీదికి, కొడుకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులోకి. ఆ టెస్టింగే హైటెక్ సిటీలో ఇరవై ఏళ్లుగా చేస్తున్నవాణ్ని కాబట్టి, శిక్ష ఎంత కఠినమో నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే పెద్ద లీగులో ఆడే ఒక జట్టు వాణ్ని నెట్ బౌలర్‌గా పిలిచింది. అంటే స్టార్ బ్యాటర్లు ప్రాక్టీసు చేసుకుంటుంటే వాళ్లకు బంతులు వేసిపెట్టాలి. మ్యాచ్‌లో దింపరు, పేరు ఎక్కడా రాదు. కానీ మూడు వారాలు కోచ్ కళ్ల ముందు ఉంటాడు. రాష్ట్ర సెలెక్టర్లు కూడా అటు వచ్చిపోతుంటారు. వాడికి మిగిలిన దారి అదొక్కటే.

క్యాంపు గ్రౌండు నల్లగండ్లకు దగ్గర కాబట్టి మా ఫ్లాట్‌లోనే దిగాడు. బ్యాగు కింద పెట్టకముందే, ఎక్కడా టాంటాం చేయనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. జట్టు పేరు, లోగో, జెర్సీ ఎక్కడా వాడుకోనని సంతకం పెట్టాడట. ప్రచారం చేసుకుంటే ఆ రోజే ఇంటికి పంపించేస్తారట.

నేను ఒట్టు తప్పలేదు. లిఫ్టులో పక్క ఫ్లాటాయన, అబ్బాయి ఏం చేస్తుంటాడండీ అని మర్యాదగా అడిగితే, జట్టులోకి తీసుకున్నారని మాత్రం అన్నాను. ఇందులో అబద్ధం ఏముంది? తీసుకున్న మాట నిజమే. దేనికి తీసుకున్నారో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మావాడు మొదటి మ్యాచ్ ఆడేస్తున్నాడు.

గురువారం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా గేటు ముందరి చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. నల్లగండ్ల ముద్దుబిడ్డకు అభినందనలట. చుట్టూ అసోసియేషన్ కమిటీ వాళ్ల తలకాయలు పద్నాలుగు, వాటిలో అన్నిటికన్నా పెద్దది ప్రెసిడెంటుది. మధ్యలో మావాడు. తల మాత్రమే వాడిది. మొండెం ఎవరో కుడిచేతి ఓపెనర్‌ది, జట్టు జెర్సీ తొడుక్కుని, సెంచరీ కొట్టినట్టు బ్యాటు పైకి లేపి ఉంది. మావాడు బ్యాటింగుకు అందరికన్నా ఆఖరున దిగేవాడు. వాడు బ్యాటు పైకి లేపగా నేను చూసింది ఒక్కసారే, కుక్కను తరమడానికి.

వాడు క్యాంపు నుంచి వచ్చి బూట్లు కూడా విప్పలేదు. అరవనూ లేదు. అరిచినా బాగుండేది.

"పొద్దుగాల టీం బస్సు గీ రోడ్డు మీదికెళ్లే పోతది మామా," అన్నాడు. "జర పోయి నిజం చెప్పి తీసేయించు. ఒక్కసారి నిజం చెప్పు."

ఆ 'ఒక్కసారి' గుచ్చుకుంది. నేరుగా క్లబ్‌హౌస్‌కు వెళ్లాను. కమిటీ అంతా అక్కడే ఉంది. ఆదివారం సన్మానం, కార్పొరేటర్ వస్తున్నాడు, శాలువా కూడా కొనేశారు. నేను చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను: వాడు ఉత్త నెట్ బౌలర్ అని, మ్యాచ్ ఆడడని, ఆ ఫ్లెక్సీ ఉంటే వాణ్ని తరిమేస్తారని. అంతా విని నవ్వారు. కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ ప్లాట్ల వ్యాపారంలో స్థిరపడ్డ ప్రెసిడెంటు నా భుజం మీద చెయ్యేశాడు.

"ఊరుకోండి సార్. పోయినేడు మీరు సెల్లార్లో చిరుతపులిని చూసినానంటే నమ్మినాం. ఇదెట్ల నమ్మేది? పిల్లోనికి దిష్టి తగుల్తాదని దాస్తాండారు, అంతే కదా?"

నిజం చెప్పి ఓడిపోయాను. అలవాటు లేని పని మరి. కానీ నాకు కావలసిన అబద్ధాన్ని ఆ మహానుభావుడే పళ్లెంలో పెట్టి అందించాడు. తల వంచుకున్నాను.

"కనిపెట్టేసిండ్రు," అన్నాను.

ఇక ఆగలేదు. మొదటి మ్యాచ్ అయ్యేదాకా వాడి ముఖం చౌరస్తాలో కనపడకూడదని మా ఊరి పెద్దమనిషి ఒకాయన చెప్పాడన్నాను. ఊరందరూ దిష్టి తీసి గుమ్మడికాయలు పగలగొట్టేది అక్కడే కదా, పీడంతా ఆ బొమ్మకు చుట్టుకుంటుందట అన్నాను. వెళ్లబోతూ గుర్తొచ్చినట్టు, అదే ఫ్లెక్సీలో ఉన్న మిగతా ముఖాలకు కూడా తలా కొంచెం అంటుతుందట అన్నాను.

పద్నాలుగు తలకాయలూ ఒకేసారి లేచాయి. నిచ్చెన ఎలక్ట్రీషియన్ తెచ్చినా, ఎక్కింది మాత్రం ప్రెసిడెంటే. పది నిమిషాల్లో ఫ్లెక్సీ కిందికి దిగి, ముఖాలు లోపలికి మడుచుకుని, వాచ్‌మన్ మోటార్ సైకిలుకు గొడుగైంది. సన్మానం మొదటి మ్యాచ్ దాకా వాయిదా పడింది.

విజయగర్వంతో ఇంటికొచ్చి చెప్పాను. వాడు తల ఊపాడు.

"మంచిగైంది మామా. నేను గూడ టీం మేనేజర్‌కు ఆ ఫ్లెక్సీ ఫొటో తీసి పంపిన."

ఎందుకు పంపావురా అన్నాను.

"ఇప్పటికే ఎవరన్న చూసి ఉంటే? ఆయనకు నా నుంచే తెల్వాలె కదా."

కష్టం వస్తే ఇలాంటి ఉపాయం కూడా ఉంటుందని యాభై ఏళ్లలో నాకెప్పుడూ తట్టలేదు.

మర్నాడు వాడు బ్యాగు భుజాన వేసుకుని వెళ్తుంటే, తిరిగి మధ్యాహ్నానికే వచ్చేస్తాడని నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. సాయంత్రం దాకా రాలేదు. మేనేజర్ ఫొటో పెద్దది చేసి చూసి, ఇన్ని తలల్లో నువ్వెవరని అడిగాడట. మధ్యలో ఉన్నవాణ్నని మావాడు చెబితే, ఇది చేసినవాడు నీ బ్యాటింగ్ జన్మలో చూడలేదని తేల్చాడట. శిక్షగా ఆ రోజు బంతి ఇవ్వలేదు. ఎండలో కంచె పక్కన నిలబెట్టి, స్టార్లు కొట్టిన బంతులన్నీ ఏరించాడు. ఫొటో ప్రింటు తీసి డ్రెస్సింగ్ రూమ్ తలుపుకు అంటించాడు. ఆ మర్నాటి నుంచి మావాడు మళ్లీ బౌలింగ్ చేశాడు. క్యాంపు ముగిసేదాకా స్టార్లందరూ వాణ్ని "ఓపెనర్" అనే పిలిచారు.

వానాకాలంలో రాష్ట్ర జట్టులో వాడి పేరు వచ్చింది. ఆ సంగతి నాకు పేపర్ చూస్తే తెలిసింది. అక్కకు తెలుసు, బావకు తెలుసు, మా ఆవిడకు రెండు రోజుల ముందే తెలుసు. ఫోన్ చేసి, సొంత మామకు చెప్పాలనిపించలేదా అని నిలదీశాను.

"చెప్తే నువ్వు ఇండియా టీం అంటవ్ మామా," అన్నాడు.

మనసు చివుక్కుమంది. అప్పటికి నేను అలా చెప్పింది ముగ్గురికే.